కరువు తీరిన ఒళ్ళు

ఆడపడుచు పెళ్ళి సీడీ వచ్చిందని ఇంటిల్లిపాదీ హాల్లో టీవీ ముందు చేరారు. శ్రీదుర్గ వంటింట్లో పెసరట్లు వేసి, ఒక్కొక్కటీ వేడివేడిగా తెచ్చి పళ్ళేల్లో వడ్డిస్తోంది. తెరమీద ఆమె తలంబ్రాల పళ్ళెం పట్టుకుని నడిచొస్తుండగా భర్త మురళీకృష్ణ రిమోట్ నొక్కి బొమ్మని ఆపేశాడు.

"చూశారా, పెళ్ళికూతురు ఎక్కడా కనపడట్లేదు. స్క్రీనంతా మా ఆవిడే" అన్నాడు.

అందరూ నవ్వారు. శ్రీదుర్గ కూడా నవ్వింది. నవ్వుతూనే వంటింట్లోకి వెళ్ళి, తనకోసం మిగుల్చుకున్న పిండిని ఫ్రిజ్‌లో పెట్టేసింది. ఆ ఇంట్లో ఆఖరున తినేది ఆమే. ఆఖరున తినే మనిషి అసలు తినడమే మానేసినా ఎవరికీ తెలియదని ఆమెకి ఆ పూటే అర్థమైంది.

మర్నాటి నుంచి తెల్లవారకముందే లేచి గోదావరి గట్టుకి వెళ్ళడం మొదలుపెట్టింది. కోటిలింగాల రేవు దగ్గర బయల్దేరితే మంచులో రైలు వంతెన ఏ ఆధారమూ లేకుండా గాలిలో వేలాడుతున్నట్టుండేది. పడవలు నీటిమీద కాక ఆకాశంలో కట్టేసినట్టుండేవి. మొదట్లో ఆయాసం వచ్చేది. తర్వాత్తర్వాత ఆకలి కూడా ఒక సంగీతంలా లోపల సన్నగా మోగుతూ, ఆమెని నేలకి కాస్త పైన నడిపించేది. ఆ కాసేపూ ఆమె ఎవరి కోడలూ కాదు, స్టీలుసామాన్ల కొట్టు మురళీకృష్ణగారి భార్యా కాదు. ఇంటికొచ్చి టిఫిన్లూ క్యారేజీలూ అయ్యాక, మధ్యాహ్నం డాబామీద తాడాట ఆడేది. అన్నం పిడికెడుకి దిగింది. నెయ్యి, నూనె, ఆవకాయ అన్నీ ఒక్కొక్కటే వెళ్ళిపోయాయి. తను పుట్టాక తనంతట తను అనుకుని చేసిన పని అదొక్కటే. అందుకే అది తనని తినేస్తోందని చాలాకాలం తెలియలేదు.

"ఇప్పుడెలా ఉంది! కాలేజీ పిల్లలా లేదూ?" అని మురళీకృష్ణ కొట్టుకి వచ్చిన స్నేహితుల దగ్గర మురిసిపోయాడు.

ఆ రోజుల్లోనే నెలసరి సన్నగిల్లింది. ఒక నెల రంగు కనిపించి కనిపించనట్టుగా వచ్చింది. ఆ తర్వాత రానేలేదు. అత్తగారు రత్నమాణిక్యం గమనించి, ముఖం వెలిగిపోతూ, మనవరాలు హారతి తర్వాత ఇన్నాళ్ళకి రెండోకాన్పేమో అనుకుంది. పరీక్షలో కాదని తేలాక కొన్నాళ్ళు ముభావంగా తిరిగింది. ఆ పైన ఒకరోజు పూజగదిలో వత్తులు చేసుకుంటూ, "పోన్లే అమ్మాయ్, ఒక విధంగా సుఖమే. నెలనెలా ఆ మూడురోజులూ వంట ఎవరు చేస్తారా అని చూసుకోనక్కర్లేదు" అంది.

ఆ ఇంట్లో ఆ మూడురోజులూ పెరటి గదిలో ఉండాలి. చాప వేరు, గ్లాసు వేరు. అన్నం గుమ్మంలో పెట్టి వెళ్ళిపోతారు. పెళ్ళైన కొత్తలో శ్రీదుర్గ ఆ గదిలో అవమానంతో ఏడ్చేది. కానీ పగటిపూట ఒళ్ళు మరిచి నిద్రపోగలిగింది కూడా అక్కడే. కిటికీలోంచి కొబ్బరాకుల నీడలు చాపమీద ఈదుతుంటే, ఎవరూ పిలవని మధ్యాహ్నాలు ఆమెవి. ఇప్పుడు ఆ అవమానం లేదు, ఆ నిద్రా లేదు. అన్ని రోజులూ ఒకేలా పొయ్యిముందు నిలబడి ఉన్నాయి. ఆమెకి నెలసరి ఆగిపోయినందుకు ఆ ఇంట్లో అందరికీ ఏదో ఒక లాభం ఉంది.

తడిబట్టల బకెట్టుతో డాబామెట్లు ఎక్కుతుంటే ఒకరోజు పాదంలో ఏదో చిట్లినట్టైంది. పడలేదు, జారలేదు. ఎక్స్‌రేలో ఎముకమీద వెంట్రుకంత బీట కనిపించింది. ఈ వయసులో ఊరికే నడిస్తే ఎముక చిట్లడమేంటని ఎముకల డాక్టరు ఆశ్చర్యపోయి, లేడీ డాక్టరు వీరవేణిగారి దగ్గరికి పంపాడు.

"నెలసరి ఎప్పుడొచ్చిందమ్మా?" అని ఆవిడ అడిగింది. శ్రీదుర్గకి గుర్తురాలేదు. పరీక్షలన్నీ చేయించి చూశాక, ఆవిడ కుర్చీ దగ్గరికి జరుపుకుంది.

"నీ ఒళ్ళు కరువొచ్చిందనుకుంది తల్లీ. తిండి చూస్తే లేదు, చాకిరీ చూస్తే పెరిగింది. ఉన్న కాస్తతో గుండె నడపాలా, ఊపిరి నడపాలా అని చూసుకుని ముందు దీన్ని ఆపేసింది. దీంతోపాటే ఎముకల బలమూ పోతోంది."

"మాత్రలిస్తే వస్తుంది కదండీ?"

"మాత్రకి రక్తం కనిపిస్తుంది. అంతేగాని నీ ఒళ్ళు తేరుకున్నట్టు కాదు. కడుపునిండా తిను. నెయ్యి తిను, అన్నం తిను. ఆ నడకా, ఆ తాడూ కొన్నాళ్ళు మానెయ్. కరువు పోయిందని దానికి నమ్మకం కలగాలి. నెలలు పట్టొచ్చు."

కాలు కింద పెట్టలేని కోడలితో పనేముంది? "బాగయ్యాక పంపండి" అని మురళీకృష్ణ ఆమెని ఆత్రేయపురంలో పుట్టింట దింపాడు, మిక్సీని రిపేరుకి ఇచ్చినట్టు. వాళ్ళమ్మ ఆమె చెయ్యి పట్టుకుని చూసి, "పూతరేకులా అయిపోయావేంటే" అని మాత్రం అంది. పప్పన్నంలో నెయ్యి వేసి కలిపి ముద్దలు చేతిలో పెట్టింది. మొదటి ముద్ద చేతిలోనే పట్టుకుని శ్రీదుర్గ భయంతో ఏడ్చింది. ఇన్నాళ్ళూ తనని ఎత్తిపట్టిన ఆ మంచు, ఆ తేలిక వెళ్ళిపోతాయని భయం. తిని పడుకునేది. కాలవ నీళ్ళ చప్పుడు కలలోకి వచ్చేది. తన ఒంట్లో ఎక్కడో తూములు తెరుచుకుంటున్నట్టు, ఎండిన చేల మీదికి నీరు పాకుతున్నట్టు అనిపించేది. లేచాక మళ్ళీ ఆకలి. ఆ ఆకలి ఇప్పుడు సంగీతం కాదు, అన్నం అడిగే మామూలు ఆకలి.

రాజమండ్రి తిరిగొచ్చేసరికి జాకెట్లు బిగుతయ్యాయి. "మళ్ళీ మొదలైందా?" అన్నాడు మురళీకృష్ణ, ఆమె నడుం చూసి. నెలసరి మాత్రం ఇంకా మొదలవలేదు. ఉన్న అందం పోయింది, పోయింది రాలేదు అనుకుంటూ ఆమె ఆ సాయంత్రం దండెం మీద వేసి ఉంచిన తాడాట తాడు తీసి చేత్తో పట్టుకుంది. గదిలోకి వెళ్తే కూతురు హారతి అద్దం ముందు గౌను పైకెత్తి, ఊపిరి బిగబట్టి, పొట్ట లోపలికి లాక్కుని నిలబడి ఉంది.

"అమ్మా, నీకు కనపడేవే, అలా నాకూ ఎముకలు కనపడుతున్నాయా?" అని అడిగింది.

శ్రీదుర్గ ఆ తాడుని కత్తెరతో ముక్కలు చేసింది. పిల్లని వంటింట్లోకి తీసుకెళ్ళి, పీటలు వేసి, ఇద్దరికీ అన్నం వడ్డించింది. మగవాళ్ళు ఇంకా కొట్టునుంచి రాలేదని అత్తగారు గుమ్మంలోంచి గుర్తుచేసింది. "వస్తారండి" అంటూ శ్రీదుర్గ ముద్ద కలిపింది.

కార్తీకమాసంలో ఒక సోమవారం పొద్దున, పొత్తికడుపులో ఒక బరువు మెల్లగా దొర్లి, తొడలదాకా వెచ్చగా జారింది. బాత్రూంలో ఆ ఎరుపు చూసుకుని శ్రీదుర్గ గోడకి ఆనుకుని నిలబడిపోయింది. ఎన్నాళ్ళకో ఇల్లు చేరిన మనిషిని చూసినట్టు ఆమెకి కళ్ళనీళ్ళు తిరిగాయి.

"వచ్చిందండీ అత్తయ్యగారూ" అంది బయటికొచ్చి.

"ఇవాళే రావాలా? నోము వంటంతా..." అంటూ రత్నమాణిక్యం పెరటి గది తాళం కోసం లేచింది.

"తాళం తియ్యక్కర్లేదండి. నా మంచం మీద పడుకుంటాను."

ఆమె వెళ్ళి పడుకుంది. తలుపు కూడా వెయ్యలేదు. కాసేపటికి రత్నమాణిక్యం వచ్చి గుమ్మంలో నిలబడింది. అరుస్తుందనుకుంది శ్రీదుర్గ. ఆవిడ అరవలేదు.

"నొప్పిగా ఉందా?"

"ఉందండి. బావుంది."

ఆవిడ గడపమీద చూపు దించుకుంది. "నాకు మురళి చెల్లెలు పుట్టిన రెండేళ్ళకే గర్భసంచి తీయించేశారు. పెద్ద జబ్బేం కాదు. వంటకీ మడికీ అడ్డమౌతోందని మా అత్తగారు అంటే, మీ మావగారూ డాక్టరూ మాట్లాడుకున్నారు. మత్తులోంచి లేచాకే నాకు చెప్పారు. సుఖమే కదా అన్నారందరూ. నేనూ అదే అనుకుంటూ వచ్చాను."

శ్రీదుర్గ మంచం మీద గోడవైపుకి జరిగింది. ముట్టుకోకూడని కోడలి పక్కన, నోముచీరతోనే, రత్నమాణిక్యం ఒదిగి పడుకుంది. ఆవిడ ఒళ్ళు ముందు బిగుసుకుని ఉండి, తర్వాత మెల్లగా వదులైంది. కిటికీ తెర ఊగుతోంది. ఎవరి కడుపులో నొప్పి ఎవరిదో తెలియనంత నిశ్శబ్దంగా ఉంది గది.

మధ్యాహ్నం మురళీకృష్ణ కొట్టునుంచి వచ్చి, చల్లగా ఉన్న వంటింట్లోకి తొంగిచూసి, గదిగుమ్మం దగ్గర ఆగిపోయాడు.

"ఏంటమ్మా ఇది? భోజనం?"

రత్నమాణిక్యం కళ్ళు తెరవకుండానే అంది: "ఇప్పుడే పడుకున్నాం నాయనా. మాకిద్దరికీ కూడా వండు."