మద్దిలేటి వేయని మోటారు

ట్రాన్స్‌ఫార్మర్ మళ్లీ కాలింది.

పెద్దమందడికి అవతల ఉన్న ఆ చిన్న ఊళ్లో దాని కింద ఆరు బోర్లు, ఆరిళ్ల వాళ్ల పల్లి చేన్లు. తెల్లారేసరికి ఆరిళ్ల వాళ్లూ స్తంభాల కింద చేరి, నల్లటి నూనె బొట్లుబొట్లుగా కారుతుంటే గుడ్లప్పగించి చూస్తున్నారు. ఒకడు బీడీ ముట్టించాడు. ఇంకొకడు తువ్వాల దులిపి మళ్లీ భుజాన వేసుకున్నాడు. నోరు విప్పినవాడు లేడు. వీళ్లకంటే పీనుగు దగ్గర కూర్చున్నవాళ్లు నయం కదా అనుకుంది హన్మమ్మ. అనుకోవడమేమిటి, అనేసింది.

"ఏడ్వనన్న ఏడ్వుండ్రి! నోట్ల మన్ను వడ్డదా మీకు?"

హన్మమ్మ నోరంటే ఊరంతా హడలే. కానీ ఆ నోటి వెనక ఉన్న బాధ ఎవడికి కావాలి? పోయినేడు కూడా ఇదే మాఘమాసంలో ఇది ఇట్లాగే కాలింది. పల్లికి ఊడలు దిగే వేళకు తడి లేక చేను చేనంతా మాడిపోయింది. పీకితే చేతికి వట్టి తీగలే వచ్చాయి. హన్మమ్మ, ఆమె మొగుడు చిన్నయ్య మూట కట్టుకుని బొంబాయి పోయారు. అక్కడ రోడ్డు పనిలో కంకర లారీ వెనక్కొచ్చి చిన్నయ్య పాదం మీదికెక్కింది. దవాఖానలో పాదం నిలబెట్టారు గానీ నడక నిలబడలేదు. కట్టె ఊతంతో కుంటుకుంటూ ఊరికి వచ్చాడు. ఈసారి కూడా చేను పోతే హన్మమ్మ మళ్లీ బొంబాయి పోవాలి. అదీ ఒంటరిగా, కుంటి మనిషిని ఇంట్లో వదిలేసి. ఆ ఆలోచన వస్తే చాలు, ఆమెకు ఒళ్లు మండిపోతోంది.

కాలడానికి కారణం అందరికీ తెలుసు. కరెంటు ఒక వారం పగలిస్తారు, ఒక వారం రాత్రి ఇస్తారు. రాత్రి ఎప్పుడొస్తుందో ఇచ్చేవాడికే తెలియదు. చీకట్లో పాముల మధ్య చేనుకు పోవడం ఎవడికి ఇష్టం? అందుకని స్టార్టర్ డబ్బాలో ఆటో అనే చిన్న పరికరం బిగిస్తారు. కరెంటు రాగానే మోటారు దానంతటదే తిరుగుతుంది, మనిషి ఇంట్లో హాయిగా గురక పెడతాడు. ఒక్కరికి ఉంటే ఏమీ కాదు. అందరి మోటార్లూ ఒక్క క్షణంలో లేచి గుంజితే ఆ చిన్న ట్రాన్స్‌ఫార్మర్ ఎక్కడ ఆగుతుంది? ఆటోలు పీకేయండని లైన్‌మన్ మొత్తుకుని మొత్తుకుని అలసిపోయాడు. ఆరుగురూ పీకేశామనే చెప్పారు.

"నా దానికి ఆటో లేదు," అన్నాడు కురుమూర్తి. హన్మమ్మ చేనుకూ అతని చేనుకూ ఒకటే గట్టు. ఆ గట్టు ఎవరు ఎంత చెక్కారన్న పంచాయితీతో ఇద్దరికీ ఏండ్ల నుంచి మాటల్లేవు.

"నాకు గూడ లేదు," అంది లలితమ్మ.

"నాకేం తెల్వదు," అన్నాడు ట్రాక్టర్ ఉన్న మద్దిలేటి. అతను వాళ్లందరిలో పెద్దవాడు.

మద్దిలేటి మాట మాత్రమే హన్మమ్మ నమ్మింది. ఎందుకంటే నెల కిందటి వరకూ రాత్రిపూట మోటారు వేయడానికి ఆమే పోయేది. ఒకనాడు కాలి మీద నుంచి పాము పాకిపోయింది. ఇంటికొచ్చి వణికిపోయింది. ఆ తర్వాత చిన్నయ్యే ఉపాయం చెప్పాడు. "మద్దిలేటి మామ తన మోటారు వేయనీకి పోయినప్పుడు మనది గూడ వేస్తనన్నడు. తాళంచెవి ఇచ్చిన. నలుగుట్ల అనకు, మాది గూడ వెయ్యమని అందరు ఆయన మీద వడ్తరు." ఊళ్లో ఒక్కడన్నా మనిషి పుట్టుక పుట్టాడని హన్మమ్మ మురిసిపోయింది. సజ్జరొట్టెలు చేసిన ప్రతిసారీ, పుంటికూర పచ్చడితో కలిపి మద్దిలేటి ఇంటికి పంపింది. మద్దిలేటి కూడా మారుమాట లేకుండా తిన్నాడు.

తలా ఇంత వేసుకుని ట్రాన్స్‌ఫార్మర్‌ను మద్దిలేటి ట్రాలీలో వనపర్తికి తీసుకుపోయారు. అది బాగై వచ్చేలోపు పల్లి ఆకు మధ్యాహ్నానికల్లా ముడుచుకోవడం మొదలైంది. తిరిగొచ్చేటప్పుడు హన్మమ్మ ట్రాలీలో దాని పక్కనే కూర్చుని వచ్చింది. మొగవాళ్లు గొలుసులు పట్టుకుని దింపబోతే ఆమె లేవలేదు.

"దిగు వదినె, యాళ్లయితుంది," అన్నాడొకడు.

"దిగ. ఆరు డబ్బాలు తెరిచి నా కండ్లతోని చూసినంకనే గిది పైకెక్కేది. మల్ల కాలవెట్టి నన్ను బొంబాయికి తోలుదామనుకున్నరా? దీనికి అడ్డం పండుకుంట గని లేవ!"

తిట్టారు, బతిమాలారు, నవ్వారు. ఆమె కదల్లేదు. చివరికి అందరూ గొణుక్కుంటూ చేన్ల వెంట బయలుదేరారు. చిన్నయ్య కూడా కట్టె ఊతంతో వెనక నడిచాడు. ఎందుకో అతని ముఖం పాలిపోయి ఉంది.

మొదట కురుమూర్తి డబ్బా తెరిచారు. లోపల ఆటో దర్జాగా కూర్చుని ఉంది. "లేదంటివి గదరా!" అంటూ హన్మమ్మ దాని వైర్లు పీకి సంచిలో వేసింది. లలితమ్మ డబ్బాలోనూ ఉంది. లలితమ్మ ఏదో చెప్పబోతే "నోర్ముయ్ అక్క, ఏం చెప్పకు," అంది. తర్వాతి రెండింటిలోనూ ఉన్నాయి. ఒక్కొక్కటి సంచిలో పడుతుంటే హన్మమ్మ తిట్లు పక్క చేన్లదాకా వినిపించాయి.

మద్దిలేటి డబ్బా దగ్గరికి వచ్చేసరికి ఆమె గొంతు తగ్గింది. "మామది చూసే పని లేదు గని, అందరిది చూసినం గద," అంటూ మూత తీసింది.

ఆటో ఉంది. దుమ్ము పట్టి పాతదై ఉంది.

"గిదేంది మామా? ఆటో ఉంటే రోజు రాత్రి చేనుకెందుకు వోతుంటివి?"

"నేనేడ వోయిన బిడ్డ? రాత్రైతే నాకు కండ్లే కానరావు."

"మరి నా మోటారు వేస్తుంది ఎవరు?"

"నాకేమెర్క?"

"ఎర్కలేకుంటే నా రొట్టెలెందుకు తింటివి?"

"నువ్వు పంపినవు, నేను తిన్న," అన్నాడు మద్దిలేటి అమాయకంగా.

హన్మమ్మ చూపు, దాని వెంట అందరి చూపూ చిన్నయ్య మీదికి తిరిగింది. అతను నేల చూస్తున్నాడు. కురుమూర్తి గట్టు దాటి హన్మమ్మ బోరు దగ్గరికి నడిచాడు. ఇన్నేండ్లలో అతను ఆ గట్టు దాటడం అదే మొదలు. చిన్నయ్య జేబులోంచి తాళంచెవి తీసి ఇచ్చాడు. డబ్బా తెరిస్తే అన్నింటికంటే కొత్త ఆటో, చుట్టూ నీటుగా చుట్టిన నల్లటి టేపు.

"ఇంక తిట్టు వదినె," అన్నాడు కురుమూర్తి. "మమ్ములను తిట్టినంత తిట్టు."

హన్మమ్మ ముఖం కందగడ్డలా అయింది. చేతిలోని సంచి చిన్నయ్య కాళ్ల ముందు విసిరికొట్టింది. ఇన్నాళ్లూ అందరినీ దొంగలన్నది. దొంగ తన మంచంలోనే ఉన్నాడు.

"నీకు సిగ్గున్నదా? నీ కాలు గిట్లైందే గిందుకు గద! మల్ల నువ్వే వెడ్తవా?"

"ఉన్నది సిగ్గు!" చిన్నయ్య ఎప్పుడూ అంత గట్టిగా మాట్లాడినవాడు కాదు. "నువ్వు చీకట్ల వోతుంటే నేను కుంటికాలేసుకొని మంచంల పండుకొని నువ్వొచ్చేదాంక చెవులు రిక్కిచ్చుకొని ఉంటుంటి. పాము కరిస్తే నిన్ను ఎత్తుకొచ్చే కాలు గూడ లేదు నాకు. ఎవలనడగాలె? అడిగితే ఎవలు వోతరు గీ ఊర్ల? గందుకే పెట్టిన. గందుకే అబద్ధం చెప్పిన."

ఎవరూ నవ్వలేదు. లలితమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుంది. ఆమె కూడా ఆటో పెట్టింది ఒంటరి ఆడది రాత్రి చేనుకు పోలేకే. మద్దిలేటి పెట్టింది కండ్లు కానరాకే. ఎవరి భయం వాళ్లది, ఎవరి డబ్బా వాళ్లది. పక్కవాణ్ణి అడిగితే నామోషీ.

హన్మమ్మ తమ డబ్బాలోంచి కొత్త ఆటోను ఊడబెరికి రాయి తీసుకుని చితక్కొట్టింది. చితికిపోయినా కొడుతూనే ఉంది. ఆఖరికి రాయి పక్కన పడేసి అందరివైపూ తిరిగింది.

"నా మొగుడు అబద్ధమాడిండు. ఏమన్నడు? పక్కోడు తన మోటారు వేయనీకి వోయి మనది గూడ వేస్తుండన్నడు. నేను గూడ నమ్మిన, పిచ్చిదాని లెక్క! ఏం, గది అబద్ధమే ఎందుకు గావాలె? రాత్రికొకరు వోతే సరిపోదా? ఆరు తాళంచెవులు తీస్కొని ఒకటెన్క ఒకటి ఆరు మోటార్లు వేసొస్తే మీ సొమ్మేం వోతది? మామకు కండ్లు కానరావు, చిన్నయ్యకు కాలు లేదు. వాళ్ల వంతు మనమే వోదం."

"నా తాళంచెవి కనవడ్డోని చేతుల పెట్టాల్నా?" అన్నాడు కురుమూర్తి. "నాది బంద్ చేసి వాని చేనుకే నీళ్లు పారవెట్టుకుంటె?"

అదే అందరి మనసులోని మాట. ఇన్నేండ్లూ నోరు మూయించింది కూడా అదే.

హన్మమ్మ తాళానికే ఉన్న తమ తాళంచెవిని లాగి కురుమూర్తి గుండెల మీదికి విసిరింది. "ఇంద. నన్ను చూస్తనే గిట్టనోనివి నువ్వు. ముందుగాల నీకే ఇస్తున్న. నా చేను ఎండవెట్టుకుంటవో, తడిపిస్తవో నీ ఇష్టం. ఎండిందో, నీ ఇంటి ముంగట కూసొని దినాం మన్ను వోస్త!"

కురుమూర్తి కాసేపు ఆ తాళంచెవిని అటూ ఇటూ తిప్పాడు. ఆ తర్వాత తన మొలతాటికున్నది విప్పి దానితో కలిపాడు. లలితమ్మ తనదీ ఇచ్చింది. మద్దిలేటి పిచ్చిచూపులు చూస్తూ జేబులు తడుముకున్నాడు. ఆరూ కలిసేసరికి పొద్దు వాలింది. ట్రాన్స్‌ఫార్మర్ పైకెక్కింది.

మరునాడు తెల్లవారుతుండగా హన్మమ్మ కట్టె పట్టుకుని చేనుకు వచ్చింది, తగాదాకు సిద్ధపడే. కురుమూర్తి గట్టు మీద మోకాళ్లదాకా బురదతో కూర్చుని ఉన్నాడు. అన్ని బోర్లూ పోస్తున్నాయి.

"ఒక్కో మోటారుకు నడుమ బీడీ తాగేంత సేపు ఆగిన," అన్నాడు. "మీ కాలువ తెగితే మట్టేసిన."

ఆమె సాలు సాలూ తిరిగింది. తప్పు ఎక్కడన్నా దొరుకుతుందేమోనని వేళ్లతో మట్టి గీకి చూసింది. చివరి సాలు దాకా తడి ఉంది. ముడుచుకున్న ఆకు విప్పుకుంటోంది. సంతోషపడాలి కదా? ఆమెకు కోపం తన్నుకొచ్చింది, కండ్లలో నీళ్లు కూడా. గట్టు మీద చతికిలబడింది.

"గింతేనా కురుమూర్తి?"

"ఏంది వదినె?"

"ఆరు తాళంచెవులు, ఒక మనిషి. గింతేనా పని? గిదేందో పోయినేడు చేసుకుంటే నేను బొంబాయి ఎందుకు వోతుంటి? నా మొగుడు రెండు కాళ్ల మీద నడుస్తుండె గదరా!"

కురుమూర్తి తాళంచెవుల గుత్తిని ఆమె పక్కన పెట్టాడు.

"నడుస్తుండె, వదినె," అన్నాడు తలెత్తకుండా.