ఏడో సీసా, పంతొమ్మిదో సీసా

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ల్యాబులో అందరూ నన్ను చిటపట అంటారు. అనుకోనీ. కానీ నేను అబద్ధం రాశానంటే మాత్రం ఊరుకోను.

మా అమ్మ దర్జీ. వేలికి సూది గుచ్చుకున్నప్పుడల్లా దొడ్లో ఓ ముళ్ళ మొక్క ఆకు నలిపి పిండుకునేది. ఎప్పుడూ చీము పట్టింది లేదు. ఆ ఆకు మీదే నా పరిశోధన. మొదటి పరీక్షలో, రసంలో ముంచిన కాగితపు బిళ్ళ చుట్టూ చీము పట్టించే బాక్టీరియా చచ్చి ఊరుకుంది. పద్దెనిమిది మిల్లీమీటర్ల ఖాళీ వలయం! ఎగిరి గంతేశాను. రసంలో పనిచేసేది ఏ పదార్థమో తేల్చాలని దాన్ని ఇరవై ఆరు సీసాలుగా విడగొట్టాను. రెండేళ్ళు పట్టింది. తీరా పరీక్షిస్తే ఒక్క సీసా పనిచేస్తే ఒట్టు.

మా ల్యాబు పెద్దసారు నా నోట్‌బుక్కు తిరగేసి, ఆ మొదటి ఫలితం పక్కన ఎర్రసిరాతో "నమ్మదగింది కాదు" అని రాశారు. "సోమవారంలోగా ఏదైనా చూపించమ్మా. లేదంటే ఈ పని ఆపేద్దాం."

"నేను కల్పించి రాశానంటారా సార్?"

"నేననలేదు. నీ సీసాలే అంటున్నాయి."

ఒళ్ళు మండిపోయింది. శనివారం అన్నీ మళ్ళీ పెడదామని కూర్చుంటే బాక్టీరియాని పెంచే అగర్ పొడి డబ్బా అడుగంటింది. పోసి ఉన్న ప్లేట్లు మూడే. ప్లేటుకి ఐదు బిళ్ళలే, అవీ ఎడంగా పెట్టాలని మొదటిరోజే నేర్పుతారు. పాఠం లేదు గీఠం లేదనుకుని, చేతికందిన సీసా అందినట్టు, తొమ్మిదేసి బిళ్ళలదాకా కుక్కేశాను.

ఆదివారం పొద్దున తీస్తే మూడింట్లోనూ తెల్లగా బాక్టీరియా పొర. ఏడుపొచ్చేసింది. పారేయబోతూ మూడోదాన్ని కిటికీ వైపు తిప్పాను. ఇరుకిరుగ్గా పడ్డ రెండు బిళ్ళల మధ్య, గోరంత మేర, పొరే లేదు. ప్లేటు అడుగున నేను రాసుకున్న అంకెలు చూశాను. ఏడు, పంతొమ్మిది.

ఓరి మీ ఇల్లు బంగారం కానూ! కలిసుంటేనే పనిచేసే జంట అది. చక్కగా కాపురం చేసుకుంటున్న వాళ్ళని రెండేళ్ళు కష్టపడి విడదీసిన మహాతల్లిని నేను.

అమ్మకి ఫోన్ చేసి అరిచాను. "అమ్మా, నీ ఆకు నిజమే!"

"నీకిప్పుడు తెలిసిందా?" అని మిషను తొక్కుకుంటూనే పెట్టేసింది.

పక్క ల్యాబువాళ్ళ కాళ్ళావేళ్ళా పడి ఒక ప్లేటు తెచ్చుకున్నాను. ఈసారి బుద్ధిగా, ఎడంగా, నాలుగే బిళ్ళలు: ఏడు ఒక్కటే, పంతొమ్మిది ఒక్కటే, రెండూ కలిపింది, పోలిక కోసం రసమేదీ కలపని ఉత్త ద్రావకం.

సోమవారం సారు తనే మూత తీశారు. మూడు బిళ్ళల చుట్టూ పొర అంచుదాకా ఉంది. రెండూ కలిపినదాని చుట్టూ అద్దంలా ఖాళీ. స్కేలు పెట్టారు. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ పెట్టారు.

"ఇరవై రెండు," అన్నారు మెల్లగా. "మొదటి దానికంటే ఎక్కువే."

సారు నోట్‌బుక్కు మొదటికి తిప్పి, తను రాసిన ఎర్ర అక్షరాల దగ్గర ఆగి, కొట్టేయడానికి జేబులో కలం వెతుక్కున్నారు. లేదు.

నాది ఇచ్చాను. మూత కూడా నేనే తీసి ఇచ్చాను.