తిమింగలం ముందు నేను అరిచిన అరుపు

నేను ఒక చేతి మైకుని. నోరు తప్ప నాలో చెప్పుకోదగ్గ భాగం లేదు. పుట్టిన ఫ్యాక్టరీలో మాకు పెట్టే పరీక్ష ఒకటే: గట్టిగా అరుస్తామా, లేదా? నేను ఫస్టు క్లాసులో పాసయ్యాను. ఆ గర్వం చాలాకాలం తలకెక్కే ఉంది.

మొదటి యజమాని పాత సామాన్లు కొనే అప్పన్న. రోజంతా అరవలేక, తన గొంతు ఒక్కసారి నాలో రికార్డు చేసి, ఎర్ర మీట నొక్కేవాడు. "విరిగిన కుర్చీలు, చిల్లుపడ్డ బిందెలు కొంటాం!" వీధికుక్కలు నాతో గొంతు కలిపేవి. అదంతా అభిమానం అనుకునేదాన్ని.

అప్పన్న ఆటోకి పెద్ద స్పీకరు బిగించుకున్నాక నన్ను భీమిలిలో మైలపల్లి మసేనుకి ఇచ్చేశాడు. మసేను వేట మానేశాడు, వలలు కూడా వదిలించుకున్నాడు. జనాన్ని పడవ ఎక్కించి డాల్ఫిన్లనీ తిమింగలాలనీ చూపించాలని అతని ఆశ. దానికి ప్రభుత్వ అనుమతి రాకపోతే పడవని ఇసకలో బోర్లించుకోవాల్సిందే. డిగ్రీ చదివిన కూతురు నూకరత్నం నియమాలన్నీ తండ్రి చేత వల్లె వేయించింది. వెంటపడకూడదు, ఎదురెళ్లకూడదు, తల్లికీ పిల్లకీ మధ్య దూరకూడదు. దగ్గరకొస్తే ఇంజను గేరు తీసి ఊరుకోవాలి.

"అన్నిటికన్నా ముఖ్యం, అరవకూడదయ్యా" అంటూ నావైపు చూసింది. నన్ను కాదులే అనుకున్నాను.

అనుమతి కోసం పడవని పరీక్షించే రోజున, కడప నుంచి బదిలీ మీద వచ్చిన అధికారి వసుంధర మేడం పడవెక్కారు. లైఫ్ జాకెట్ల సంగతి చెప్పడానికి తెచ్చిన నన్ను, పని కాగానే మేడం పక్కన పెట్టింది రత్నం.

గంటసేపు నీళ్లే. ఉన్నట్టుండి దూరాన బుస్సుమని ఆవిరి లేచింది. మసేను గేరు తీశాడు. నల్లటి పెద్ద వీపు, దాన్ని ఆనుకుని చిన్న వీపు.

"రత్నం, సూడే! గుంట ఉందే, గుంట!" అన్నాడు గొంతు తగ్గించి.

మా వైపు గుంట అంటే పసిపిల్ల. కడపలో గుంట అంటే గొయ్యి.

"సముద్రంలో గుంటా? యాడ?" అని మేడం చేతికందినదాన్ని వాటేసుకున్నారు. అందింది నేను. నొక్కుకుపోయింది ఎర్ర మీట.

"విరిగిన కుర్చీలు, చిల్లుపడ్డ బిందెలు కొంటాం!"

జన్మలో అంత బాగా ఎప్పుడూ అరవలేదు. తల్లి మునిగిపోయింది. గుంట ఎటెళ్లాలో తెలియక పడవ వైపే తిరిగింది. రత్నం నన్ను లాక్కుని బ్యాటరీలు పీకేసింది.

"అయిపోనాదే మన పని" అని గొణిగాడు మసేను.

"ముందు దాని పని సూడయ్యా. కదలకు."

ఎవరూ కదల్లేదు. నోరు పడిపోయాక మొదటిసారి విన్నాను. పడవ అంచుకి నీళ్లు తగిలే చప్పుడు. చాలాసేపటికి, అవతల, తల్లి ఊపిరి. గుంట తోక తిప్పి అటు పోయింది.

"తప్పు మీది కాదు. నాది" అన్నారు మేడం. నన్ను చూసి, "దీనిది కూడా" అన్నారు. ఒడ్డుకొచ్చి, అనుమతి కాగితం మీద తన చేత్తో ఒక షరతు చేర్చారు: ఈ పడవలో మైకు ఉండరాదు. ప్రభుత్వ కాగితం మీదకి నేను ఎక్కింది అలా.

ఇప్పుడు పడవ రోజూ వెళుతోంది. ఊడదీసిన నా గొట్టాన్ని గరాటు చేసుకుని మసేను డీజిలు పోసుకుంటాడు. ఆ గుటగుటలే నా ప్రసంగం. మిగతా పొద్దంతా ఒడ్డున మేకుకి వేలాడుతూ సముద్రం వైపు నోరు పెట్టి వింటుంటాను.

మొన్న మేడం ఫోను చేసి, "గుంట బాగుండాదా?" అని అడిగారట. నా సంగతి అడగలేదు. ఎందుకడుగుతారు లెండి.