తుపాకీకి చెప్పని ఉద్వాసన

రాయగడలో వెంకటాచలం గారింటి పెళ్ళంటే పప్పన్నంతో పాటు తుపాకీ పేలుడు కూడా ఉండాల్సిందే. ఆయన తాతగారు ఎస్టేట్ దివాణంలో అమీనుగా చేసిన రోజుల్లో సంపాదించిన జోడుగొట్టాల తుపాకీ అది. పెళ్ళికొడుకు గుమ్మం ముందుకు రాగానే ఆకాశంలోకి ఒక తూటా. మూడు తరాలుగా ఇదే ఆనవాయితీ. ఆ తుపాకీతో ఈ వంశంలో ఎవరూ కాకిని కూడా కొట్టిన పాపాన పోలేదు. అయినా మీసం మాత్రం దాన్ని చూసుకునే తిరుగుతుంది.

ఇప్పుడు ఆ ఇంట్లో సహస్ర పెళ్ళి కుదిరింది. పెళ్ళికొడుకు రాకేష్ గుణుపురం కాలేజీలో పాఠాలు చెబుతాడు. ముహూర్తం మార్గశిరంలో, పగలు పదిన్నరకి. అంతా బాగానే ఉంది గానీ, సహస్ర తల్లి జానకికి ఆ తూటా తలచుకుంటేనే గుండెల్లో రాయి పడుతోంది. పైకి వెళ్ళిన తూటా కిందికి రాకుండా ఉంటుందా? పందిరి కింద మూడొందల మంది ఉంటారాయె. ఎక్కడో బరాతు ఊరేగింపులో సరదాకి పేలిస్తే సన్నాయి ఊదేవాడి భుజానికి తగిలిందని టీవీలో చూసినప్పటి నుంచీ ఆవిడకి సరిగ్గా నిద్ర లేదు.

లా చదివిన సహస్ర ముందే తండ్రికి చెప్పి చూసింది.

"లైసెన్సున్నా సరే నాన్నా, పెళ్ళిలో పేల్సడం నేరం. జైల్లో పెడతారు."

"ఎస్సై దేబాశిష్‌ని కూడా భోజనానికి పిలిసేం కదే అమ్మి," అన్నాడు వెంకటాచలం. "పేల్సకపోతే ఇది పెళ్ళో పేరంటమో ఊరికెలా తెలుస్తాది?"

ఆయనతో వాదించడం గోడకి చెప్పుకోవడమేనని జానకికి ముప్ఫై ఏళ్ళుగా తెలుసు. అందుకే ఎదురు చెప్పలేదు. దసరాకి ఎప్పటిలాగే ఆయుధపూజ చేసింది. తుపాకీని పూజగదిలో పీట మీద పడుకోబెట్టి, పసుపూ కుంకుమా పెట్టి, పక్కన కలశంలోకి అమ్మవారిని ఆవాహన చేసింది. విజయదశమి నాడు ఆ కలశాన్ని కాస్త కదిపి ఉద్వాసన చెబితే గానీ పీట మీది వస్తువుని ఎవరూ ముట్టకూడదు. ఆ ఒక్క పనీ ఆవిడ చెయ్యలేదు.

ఉద్వాసన చెప్పనంత కాలం నైవేద్యం తప్పదు గదా. ఒకనాడు పులిహోర, ఒకనాడు దద్దోజనం, ఒకనాడు చక్కెర పొంగలి. రెండు నెలల పాటు తుపాకీ రాజభోగం అనుభవించింది. ప్రసాదం మాత్రం వెంకటాచలమే లొట్టలేసుకుంటూ తిన్నాడు. కూతురి పెళ్ళి దగ్గర పడేసరికి భార్యకి భక్తి ముదిరిందనుకున్నాడు. పొట్ట పెరిగి పెళ్ళికి కుట్టించిన లాల్చీ బిగుతైంది కూడా.

పెళ్ళిరోజు పొద్దున్నే పట్టుపంచె కట్టుకుని, జేబులో తూటా వేసుకుని, పూజగదిలోకి వచ్చి తుపాకీ మీదికి చెయ్యి చాచాడు.

"ముట్టుకోకండి. ఇంకా ఉద్వాసన సెప్పలేదు," అంది జానకి.

చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. ఆయనకి పోలీసులంటే లెక్కలేదు గానీ దేవుడంటే హడలు. పందిట్లోంచి పురోహితుణ్ణి లాక్కొచ్చాడు. ఆ పెద్దమనిషి పీటనీ చూశాడు, జానకి మొహాన్నీ చూశాడు.

"ఆవాహన చేసిన చెయ్యే ఉద్వాసన చెప్పాలి బాబూ," అని మెల్లిగా జారుకున్నాడు.

"అయితే సెప్పు. నిమిషం పని," అన్నాడు వెంకటాచలం.

"సెప్పను."

ఆయన చెవులు ఎర్రబడ్డాయి. "ఏటి నీ ఉద్దేశం? మగపెళ్ళివారు రైలు స్టేషను దాటేరట. మన పెళ్ళికి మా నాన్న మీ నారాయణపట్న ఇంటి ముందే పేల్సేరు. నీకేటైనా అయ్యిందా? నన్ను సూసి సిగ్గుతో వణికేవు, అంతే కదా." ఈ ముక్క ఆయన ముప్ఫై ఏళ్ళుగా ఊరందరికీ చెప్పుకుంటున్నదే.

"సిగ్గు కాదు, భయం," అంది జానకి. "ఆ పేలుడికి పట్టుకున్న ఒణుకు జీలకర్రా బెల్లం పెట్టేదాకా ఒదల్లేదు. తెర దించినప్పుడు మీ మొహం నేను సూడనే లేదు. మీ నాన్నగారు తుపాకీ ఎక్కడ పెట్టేరా అని ఎతుక్కున్నాను. నా కూతురికి అలాగవ్వకూడదు."

వెంకటాచలం ముప్ఫై ఏళ్ళ గొప్ప ఒక్క నిమిషంలో నేలపాలయింది.  జేబులోంచి తూటా తీసి జానకి చేతిలో పెట్టి బయటికి నడిచాడు.

పెళ్ళివారు రానే వచ్చారు. ఈ ఇంటి సంగతి తెలిసిన మేళగాళ్ళు గుమ్మం ముందు వాయిద్యం ఆపేశారు. పిల్లలు చెవులు మూసుకున్నారు. పెళ్ళికొడుకు తండ్రి విశ్వనాథ్ మెడ భుజాల్లోకి లాక్కుని నిలబడ్డాడు. వెంకటాచలం రెండు చేతులూ జోడించాడు.

"తుపాకీ పూజలో ఉంది బావగారూ. మీరు లోపలికి రండి."

విశ్వనాథ్ గట్టిగా ఊపిరి వదిలాడు. "బతికించేరు బావగారూ. నిన్నటి నుంచీ మా ఇంట్లో ఎవరికీ అన్నం సయించలేదు."

పదిన్నరకి తెర దించారు. సహస్ర తలెత్తి నేరుగా రాకేష్ మొహంలోకి చూసింది. అతని నుదుటి మీదుగా ముక్కు మీదికి కారుతున్న బెల్లం చూసి ఫక్కున నవ్వింది. జానకి ఆ నవ్వు చూస్తూ పైట కొంగుతో కళ్ళొత్తుకుంటుంటే, పక్కనున్న వెంకటాచలం మోచేత్తో మెల్లిగా పొడిచాడు.

"జానకీ, ఇటు సూడు."

"ఏటి?"

"ఏటీ లేదు. ఒక్కసారి నా మొహం సూడు."

ఆవిడ చూసింది, తీరిగ్గా. ఈసారి సిగ్గుపడింది ఆయనే.