పంతం మీద వేసిన తోట

ఆయన అసలు పేరుతో ఎవరికీ పని పడలేదు. ఏదైనా ఒకసారి పట్టుకుంటే వదలడని చిన్నప్పుడే ఉడుం అన్నారు, అదే ఖాయమైపోయింది. ఆ పేరంటే ఆయనకు కోపం లేదు సరికదా, లోలోపల కాస్త గర్వం కూడా.

ఆ గర్వమే ఒకనాడు టీ కొట్టు దగ్గర కొంప ముంచింది. సోలార్ కంపెనీ మనిషి ఒకాయన వచ్చి, పడమటి పొలాలు ఇరవై అయిదేళ్ళకు లీజుకివ్వమని అడిగాడు. వాన పడినా పడకపోయినా కౌలు మాత్రం ఆగదన్నాడు. బెంచీల మీద ఉన్నవాళ్ళంతా ఉడుం వైపు తిరిగారు. నలుగురు చూస్తుంటే ఆయన నోటికి పగ్గాలుండవు.

"నా కాళ్ళు ఆడినన్నాళ్ళూ ఆ నేలలో మొక్కజొన్న మొలుస్తుంది గానీ అద్దాలు మొలవవు. వెళ్ళిరా బాబూ."

టీ కొట్టువాడు ఆ రోజు ఉడుం దగ్గర డబ్బులు తీసుకోలేదు. "మగాడంటే నువ్వేనయ్యా" అన్నారు ఎవరో. ఉడుం తల ఎత్తుకుని ఇంటికి వచ్చాడు గానీ, గడప దాటేటప్పుడు తలుపు పట్టుకోవలసి వచ్చింది.

అసలు సంగతేమిటంటే, అప్పటికే నడుము ఆయన మాట వినడం మానేసింది. పొద్దున్నే బూట్లు వేసుకోవడం ఒక యుద్ధం. ఇంట్లో వేసుకుంటే మూలుగు బయటపడుతుందని, వాటిని చంకలో పెట్టుకుని గోదాములోకి వెళ్ళి, ఎరువు బస్తాల మీద కూలబడి, పళ్ళు బిగబట్టి తాళ్ళు కట్టుకునేవాడు. ట్రాక్టరు ఎక్కితే దిగబుద్ధి కాదు. దిగితే మళ్ళీ ఎక్కలేడు.

పొలం ఇచ్చెయ్యాలని ఆయనకు ఉంది. ఇంకా చెప్పాలంటే ఆశగా ఉంది. కానీ తానే కాదన్న దాన్ని తానే ఔననడం ఎలా? ఊళ్ళో ఇంతమంది పెద్దమనుషులున్నారు, ఒక్కడైనా వచ్చి "ఇదేం మొండితనమయ్యా, ఇచ్చిపారెయ్" అని నాలుగు చీవాట్లు పెడితే, ససేమిరా అంటూ అంటూ ఒప్పేసుకుందామని ఆయన ఎత్తు. ఒక్కడూ రాలేదు. వచ్చినవాళ్ళు మెచ్చుకుని, మరో టీ తాగి పోయారు. పట్నంలో బస్సు నడిపే కొడుక్కి ఫోన్ చేస్తే "నీ ఇష్టం నాన్నా" అన్నాడు. ఆ మాట కన్నా తిట్టినా బాగుండేది.

చివరికి భార్యను కదిపి చూశాడు.

"చూశావా, ఆ కంపెనీవాడు ఎంత ఆశ చూపిస్తున్నాడో!"

"ఊఁ" అందావిడ, గింజలు చెరుగుతూ.

"వాన రాకపోయినా కౌలు వస్తుందట. ఎవరైనా పడిపోతారు."

"పడిపోతారు."

"నేను పడను."

"పడకు మరి" అని చేట దులుపుకుని లేచి వెళ్ళిపోయింది.

సాయంత్రాలు గట్టు మీద కూర్చుని ఆయన తనతో తనే వాదించుకునేవాడు. ఇన్నాళ్ళూ తన కంకుల్లోకి దిగింది ఎండే కదా, ఇప్పుడది తీగల్లోకి దిగితే తప్పేమిటి? తప్పేమీ కనపడదు. ఇవ్వకపోతే, నడుము ఇలాగే ఉంటే, పొలం తన కళ్ళ ముందే బీడు పడుతుంది. ఇస్తే, ఇరవై అయిదేళ్ళ తరువాత సోలార్ పలకలు ఊడదీసిన నాడు ఆ మట్టి ఎలా ఉంటుందో చూడడానికి తనుండడు. ఆ మట్టిని చూసి ఇది ఏ పంటకు పనికొస్తుందో చెప్పగలిగినవాడు అప్పటికి ఒక్కడైనా మిగులుతాడా? ఆ ఆలోచన దగ్గరకు వచ్చేసరికి గుండె బరువెక్కేది. లేవబోతే నడుము కలుక్కుమనేది. వాదం మళ్ళీ మొదటికొచ్చేది.

ఒకరోజు కంపెనీ మనిషే ఫోన్ చేశాడు.

"కుదరదని చెప్పానుగా" అన్నాడు ఉడుం. ఫోన్ పెట్టేయబోయి, "ఇంతకీ మళ్ళీ ఎప్పుడొస్తావు?" అని అడిగాడు.

"శనివారం వస్తానండీ. మధ్యలో పడేది మీ పొలమే. మీరు ఔనంటేనే మిగతావాళ్ళ జోలికి వెళ్ళేది."

మిగతావాళ్ళంటే ముందుగా పక్క పొలం అమ్మాయి. భర్త పోయాక ఆ చెక్కను ఒంటి చేత్తో సాగు చేసుకుంటోంది. చుట్టరికం ఏమీ లేకపోయినా ఉడుంను మామయ్యా అంటుంది. ఇచ్చెయ్యాలనుకుంటున్న సంగతి ఆమెకైనా ముందు చెప్పడం మర్యాద అనుకుని ఆయన గట్టు దాటి వెళ్ళాడు.

వెళ్ళి నిలబడిపోయాడు. పొలమంతా వరసగా గుంతలు, గుంతకొక నిమ్మ మొక్క. ఆమె మోకాళ్ళ మీద కూర్చుని మట్టి సర్దుతోంది.

"బాగున్నాయా మామయ్యా? కంపెనీవాళ్ళకు ఇచ్చేద్దామనే అనుకున్నాను. మీరు ససేమిరా అన్నారని తెలిశాక ఇంకేం భయమని వీటికి దిగాను. కాయ పట్టడానికి ఏళ్ళు పడుతుంది గానీ, మీ వైపు నుంచి కాలువ ఉండగా నాకేం లోటు?"

కాలువ! వాగు నుంచి ఆ నీళ్ళు ఉడుం పొలం అంచునే పారి ఆమె పొలంలోకి దిగుతాయి. కంపెనీ వాళ్ళు కంచె వేసి నేల చదును చేస్తే కాలువ కూడా అందులోనే పూడిపోతుంది. ఇన్ని సాయంత్రాలు తెగ ఆలోచించిన మనిషికి అదొక్కటీ తట్టలేదు.

ఏం చెప్పాలో తోచక, "ఇలా తే, ఒక మొక్క నా చేత్తో పెడతాను" అని వంగాడు. వంగినవాడు వంగినట్టే ఉండిపోయాడు. అమ్మాయి పరుగున వచ్చి చంకల కింద చేతులు వేసి లేపి కూర్చోబెట్టింది. నొప్పికి ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఎన్నాళ్ళ నుంచి మామయ్యా?"

"చాలా రోజులైంది. నాకిక చేతకాదమ్మాయ్. ఇచ్చేద్దామనుకుంటున్నాను."

జాలి పడుతుందనుకున్నాడు. ఆమె ముఖం ఎర్రబడింది.

"అప్పుడే చేతకాదని చెప్పి ఉంటే నేను ఈ గుంతలు తవ్వేదాన్నా? మీరు పొలం మీద ప్రేమతో అన్నారనుకున్నాను. నలుగురిలో గొప్ప కోసం అన్నారా? మీ పంతం మీద నేను తోట వేశాను మామయ్యా!"

ఆయన లేచి, గట్టు పట్టుకుని మెల్లగా నడిచాడు. ఆమె పిలవలేదు.

శనివారం టీ కొట్టు నిండిపోయింది. ఉడుం కంపెనీవాణ్ణి ఎలా తరిమికొడతాడో చూద్దామని అందరూ టీలు చెప్పుకుని కూర్చున్నారు. పక్క పొలం అమ్మాయి రోడ్డు అవతల నిలబడింది. ఉడుం లేవలేదు, కూర్చునే మాట్లాడాడు.

"ఇవ్వనని ఇక్కడే అన్నాను, ఇక్కడే చెబుతున్నాను. నా నడుము పోయింది. పొలం నా వల్ల కావడం లేదు. ఆ రోజుకే కావడం లేదు. సిగ్గుపడి దాచాను."

ఒక మూల నుంచి ముసలి రైతు ఒకాయన, "నా మోకాళ్ళూ అంతేలేవయ్యా, నువ్వు ఇవ్వనన్నావని నేనూ నోరు మూసుకున్నాను" అని గొణిగాడు. ఎవరూ నవ్వలేదు.

కంపెనీ మనిషి గబగబా కాగితాలు తీశాడు.

"ఆగు" అన్నాడు ఉడుం. "కాలువా, దాని గట్టూ కంచె బయట ఉండాలి. ఆ మాట కాగితంలో ఉంటేనే."

"ఒక్కరి కోసం కంచె వంకర తిప్పరండీ."

"తిప్పకపోతే పొలం బీడు పడనీ. నన్ను ఉడుం అని ఎందుకంటారో వీళ్ళను అడుగు."

పైవాళ్ళను అడిగి చెబుతానని కంపెనీ మనిషి వెళ్ళాడు. రోడ్డు అవతల అమ్మాయి ఒక్క క్షణం చూసి, తోట వైపు నడిచింది.

ఇంటికి రాగానే భార్య ఆయన్ను కుర్చీలో కూర్చోబెట్టి, కింద కూర్చుని బూట్ల తాళ్ళు విప్పసాగింది.

"నీకెప్పుడు తెలిసింది?"

"నువ్వు బూట్లు గోదాములోకి మోసుకుపోయిన మొదటి రోజే."

"మరి ఇచ్చెయ్యమని ఒక్క మాట అనలేదే!"

"నేనంటే పట్టు ఇంకా బిగించేవాడివి."

ఆయన నవ్వబోయాడు. ఆవిడ ముఖం చూసి ఆగిపోయాడు.

"నీకు బాధగా ఉందా?"

"ఉండదా? నా వయసంతా ఆ చాళ్ళలోనే పోయింది. ఇవ్వనన్న రోజు నన్ను అడగలేదు. ఇస్తానన్న రోజూ అడగలేదు. ఊరందరికీ చెప్పావు, పక్క పొలం పిల్లకు చెప్పావు. నేనెవర్ని?"

ఉడుంకు నడుము కన్నా ఈ నొప్పి ఎక్కువగా ఉంది.

"ఇప్పుడు అడుగుతున్నాను. ఏమంటావు?"

"రేపు అడుగు" అంది, బూట్లు పక్కన పెట్టి. "ఇవాళ నాకు కోపంగా ఉంది."

తెల్లవారగానే ఆయన ఒట్టి కాళ్ళతో వంటింట్లోకి వెళ్ళి అడిగాడు.

ఆవిడ పొయ్యి మీంచి చూపు తిప్పకుండా చెప్పింది. "ఇచ్చెయ్. కాలువ పక్క చెక్క మాత్రం ఉంచు. నా చేతులింకా బాగానే ఉన్నాయి. అది నా పేరున రాయించు."

ఉడుం సరేనన్నాడు. గోడ పట్టుకుని పీట మీద కూర్చుని, ఆ చెక్కలో ఏం వేద్దామనుకుంటున్నావని అడిగాడు. ఆవిడ చాలాసేపు చెప్పింది.