ఎర్ర రంగు గోడ

టైల్స్ నేల తుడుస్తుంటే పక్కింట్లో గుడ్లు వేగుతున్న వాసన వచ్చింది. నాకు కడుపు మండింది. కుళ్లే, చెప్పుకోవడానికి సిగ్గేముంది.

పక్కింటావిడ పేరు రుస్మీని. ఆమె మొగుడూ, నా మొగుడు పార్జో ఇద్దరూ ఒకే ఇటుక బట్టీలో మట్టి తొక్కుతారు. నిరుడు దాకా మా రెండు పొయ్యిల మీదా అదే అన్నం, అదే పులియబెట్టిన సోయా గింజల టెంపే ముక్కలు. ఉప్పు నిండుకుంటే తను మా ఇంటికొచ్చేది, మిరపకాయలు లేకపోతే నేను వాళ్లింటికి వెళ్లేదాన్ని. ఆ తర్వాత వాళ్ల గోడ మీద 'పేద కుటుంబం' అని సర్కారు వాళ్లు ఎర్ర రంగుతో రాసి వెళ్లారు. అప్పటినుంచి ఆ ఇంటికి సాయం డబ్బు పడుతోంది, అదీ రుస్మీని పేరున. మొన్న వాళ్లాయన పెరట్లో నిలబడి, "సిగరెట్లకి ఏమైనా ఇస్తావా?" అని ఆమెను బతిమాలడం ఈ చెవులతో విన్నాను. పెళ్లయ్యాక నన్నెవరూ అలా అడగలేదు. ఈ ఇంట్లో చెయ్యి చాచేది ఎప్పుడూ నేనే.

ఆ రాతకి ముందు, పేదలెవరో తేల్చే సర్వే అప్పుడు మా ఇంటికీ వచ్చారు. వచ్చినాయన ముందు నేల చూశాడు. మరిది పెళ్లికి చుట్టాలొస్తే మట్టినేల నామోషీ అని, నేను పెంచిన మేకల్ని నాతో మాటైనా అనకుండా అమ్మేసి పార్జో వేయించిన టైల్స్ అవి. "మాకేం తక్కువ లేదు, రాసుకోండి" అన్నాడు పార్జో దర్జాగా. మీ ఆవిడ ఏం చేస్తుందని అడిగితే, "ఏమీ చెయ్యదు, ఇంట్లోనే ఉంటుంది" అన్నాడు. అప్పుడు నేను పెరట్లో పరాయి ఇళ్ల బట్టలు ఉతుకుతున్నాను. అత్తగారు ఇప్పటికీ, "జావా వాళ్లం, ఆకలికి ఓర్చుకుంటాం గాని నామోషీకి ఓర్చుకోం" అంటూ మా తెల్లగోడను చూసి మురిసిపోతుంది.

రుస్మీని ఆ ఎర్ర రాత కనబడకుండా దాని మీద లుంగీలు ఆరేస్తుంది. "గాలికి తొలిగిపోతుంటాయక్కా, సిగ్గుతో చస్తున్నా" అంది ఒకసారి. సిగ్గట! గోడలు మార్చుకుందామా అనబోయి నోరు మూసుకున్నాను.

ఇవాళ మళ్లీ సర్వే మనిషి వచ్చాడు. చెప్పులు బయట విడిచి, నేల వంక మెచ్చుకోలుగా చూస్తూ లోపలికి అడుగుపెట్టి, ఇంటి యజమాని ఉన్నారా అని అడిగాడు. బట్టీకి వెళ్లారు, సాయంత్రం రండి అనడం నాకు అలవాటు. తడిగుడ్డ బకెట్లో పడేసి లేచాను.

"ఉన్నాను, కూర్చోండి. మీరు తొక్కుతున్న నా మేకల దగ్గర్నుంచి రాసుకోండి."