ఫోన్లో తూకం

తెల్లారితే చాలు, నర్సమ్మకు నలభై ఇళ్లు తిరగడం పని. కాళ్లతో కాదు, ఫోన్లో వీడియో కాల్ మీద. అందరూ గుండె నీరసించి, ఒంట్లో నీరు చేరే ముసలివాళ్లు. రోజూ తూకం మిషనెక్కి బరువు చూపించాలి. రెండు కిలోలు పెరిగిందా, నీరు చేరినట్టే. ఇంటికి నాలుగే నిమిషాలని పైవాళ్ల హుకుం. అందుకని నర్సమ్మ అందరికీ ఒకటే నేర్పింది: ఫోను కిందికి వంచండి, అంకెలు కనబడితే చాలు.

ఆ రోజు పదకొండో ఇంట్లో మామ్మ మిషనెక్కింది. కోడలు ఫోను వంచింది. యాభై ఎనిమిది. పదిరోజులుగా అదే అంకె, రాతి మీద చెక్కినట్టు.

"చూశావా సిస్టరమ్మా, నా బరువు..." మామ్మ ఆగి ఊపిరి తీసుకుంది. "నా మాట వింటుంది. వినంది..." మళ్లీ ఆగింది. "నా కోడలే."

ఇంత చిన్న వేళాకోళానికి రెండుసార్లు ఆగడమేమిటి? నర్సమ్మకు అనుమానం వచ్చింది.

"రాత్రి నిద్ర పట్టిందా మామ్మా?"

"పడుకుంటే ఊపిరాడక కూర్చునే కునుకు తీశాలే."

"అయ్యో అత్తయ్యా, నాతో చెప్పొద్దూ!"

"చెబితే ఆసుపత్రంటావు."

"అమ్మా, నువ్వు నాలుగడుగులు వెనక్కెళ్లు. మామ్మ నిలువునా కనబడాలి," అంది నర్సమ్మ.

కనబడింది. మామ్మ కుడిచెయ్యి గోడకు ఆనించి, ఒంటి బరువంతా దాని మీదే మోపి నిలబడి ఉంది.

"చెయ్యి తియ్యి మామ్మా."

"అమ్మో, పడతానే! ఆ మిషను పలక ఊగుతుంది. మొదట్నుంచీ గోడ పట్టుకునే ఎక్కుతున్నా. ఈ వారం తూలుతున్నానని ఇంకాస్త గట్టిగా పట్టుకున్నా, అంతే."

కోడలు ఒక చేత్తో ఫోను అంకెల మీదికి వంచి, మామ్మను తాకకుండా వెనక కాపు కాసింది. మామ్మ చెయ్యి తీసింది. అంకెలు పరుగెత్తి అరవై మూడు దగ్గర ఆగాయి.

"రోజూ పక్కనే ఉన్నాను సిస్టర్. అంకెలే చూశాను," అంది కోడలు ఏడుపు గొంతుతో.

"నేను చూడమన్నది అవే కదమ్మా."

నర్సమ్మ అంబులెన్సు పంపించింది. అది మామ్మ వాకిట్లో ఆగేదాకా ఫోను పెట్టలేదు.

"పన్నెండో ఇల్లు ఎప్పుడు?" పైఅధికారి వచ్చి అడిగాడు.

"మళ్లీ ఒకటో ఇంటి నుంచి చేస్తున్నా సార్."

ఒకటో ఇంట్లో తాత విసుక్కున్నాడు. "ఇందాకే చూపించాంగా!"

"మీరు చూపించారు, నేనే చూడలేదు తాతా. మిషనెక్కు. ఇంట్లోవాళ్లని ఫోను దూరంగా పట్టుకోమను."

తాత రెండు చేతులూ కిటికీ ఊచల మీదున్నాయి.